లింగంపేటలో దొరికిన వరస

సోషియాలజీలో ఎమ్మే చేసి కొలువు కోసం తిరుగుతున్న పిల్లలు అప్పుడప్పుడు కామారెడ్డిలో మా ఇంటికి వస్తుంటారు. ఆ ముసలాయన నిజాం కాలంలోనే ఈ చదువు చదివాడు, పోయి కలవండి అని ఎవరో చెప్తారట. వచ్చి కూర్చుని, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, ఏ అంశం మీద పరిశోధన చేస్తే పోస్టు దొరుకుతుంది అని అడుగుతారు. తెలిసింది చెప్తాను. తెలిసింది తక్కువే. నా మొదటి ఇంటర్వ్యూలో అడిగిన ఒక ప్రశ్నకు నేను ఇప్పటిదాకా జవాబు చెప్పలేదు. ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు గానీ, అందులో ఉన్నవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా బాపుకు కామారెడ్డి స్టేషన్ దగ్గర కిరాణా దుకాణం ఉండేది. నా చదువంతా ఆ కాలపు పద్ధతి ప్రకారం ఉర్దూలోనే సాగింది. ఎమ్మేలో నేను తీసుకున్న శాస్త్రాన్ని ఉర్దూలో ఇమ్రానియాత్ అంటారు. మా వాడకట్టు వాళ్లకు అది ఇమారత్ అని వినబడింది. ఇమారత్ అంటే భవనం. పట్నం పోయి భవనాలు కట్టే చదువు చదివొచ్చాడని ఊరంతా పాకింది. సరుకులకు వచ్చిన రైతులు గోడ పగిలింది, ఒకసారి వచ్చి చూడు పటేలా అని పిలిచేవారు. బాపు మొదట్లో వాళ్లను సరిదిద్దేవాడు. తర్వాత విసిగి మానేశాడు. ఒకనాడు నన్నే అడిగాడు.

"మరి గా చదువు దేని గురించిరా?"

"మనుషులు ఒకరితోని ఒకరు ఎట్ల మసులుకుంటరో, గా సంగతి బాపూ."

తక్కెడలో బెల్లం సరిచూశాడు. "గది తెలిస్తే నౌకరి ఇస్తరా?"

ఇవ్వరని అప్పటికే నాకు తెలిసిపోయింది. మొత్తం నిజాం ఇలాకాలో ఆ శాస్త్రం చెప్పే చోటు ఒక్కటే. అక్కడ ఒక ప్రొఫెసరు, ఆయన కింద ఒక లెక్చరరు. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు. మాలాంటి వాళ్లం వాళ్ల ఆరోగ్యం గురించి అడిగినప్పుడల్లా మాకే సిగ్గుగా ఉండేది. ప్రొఫెసరు మాత్రం నన్ను కూర్చోబెట్టి నిజం చెప్పాడు. "రెండో లెక్చరరు పోస్టు ఎప్పుడో ఒకప్పుడు మంజూరవుతుంది. అందాకా ఎక్కడైనా తల దాచుకో. కానీ వట్టి చేతులతో రాకు. ఎవరూ చేయని పని ఒకటి చేసుకొని రా."

అట్లా తల దాచుకోవడానికి ఎల్లారెడ్డి బడికి పంతులుగా వెళ్లాను. పోయేటప్పుడు ఒక ఏడాది అనుకున్నాను. 

కామారెడ్డి నుంచి బస్సు అడవి మధ్యగా, ఎర్రదుమ్ము లేపుకుంటూ పోయేది. తాలూకా కచేరి, ఠాణా, బజారు, మా బడి, అవతల ఆడపిల్లల చిన్న బడి. ఎల్లారెడ్డి అంటే అప్పుడు అంతే. పుస్తకాల మీద మాట్లాడుకునే మనిషి దొరకక మొదటి నెలల్లో ప్రాణం విలవిల్లాడింది. మా హెడ్మాస్టరును సదర్ సాబ్ అనేవాళ్లం. పెద్దమనిషి, ఉర్దూ పండితుడు. నా ముఖం చూసి, "మనుషుల గురించి చదివినవట గదా. మరి మనుషులు లేనట్టు తిరుగుతవేంది?" అన్నాడు.

ఆ మాట తర్వాతే చెవులు తెరుచుకున్నాయని అనుకుంటాను. బడి ముందర దూదేకుల పిల్లవాడొకడు దారిన పోయే కాపాయనను "మామా, బండి ఎక్కించుకోవా" అని అడగడం విన్నాను. ఆయన నిజంగానే మామలాగే విసుక్కుని ఎక్కించుకున్నాడు. తర్వాత చూస్తే అందరూ అంతే. మంగలాయన పటేలును బాపూ అంటాడు, సాకలామె కాపు ఇంటి పిల్లను చెల్లే అంటుంది. రక్తం లేదు, కులం ఒకటి కాదు, మతం ఒకటి కాదు, అయినా ఊరంతా ఒకే చుట్టరికం. ఎక్కడెక్కడి దీవుల్లోని మనుషుల బంధుత్వాల మీద పుస్తకాలు చదివాను గానీ, మామ కాని మామ గురించి ఎవరూ రాయలేదు. నా పని దొరికింది.

లింగంపేట దగ్గర ఒక పల్లెకు సెలవు రోజుల్లో వెళ్లడం మొదలుపెట్టాను. ఎవరూ ఏమీ చెప్పలేదు. పేరు అడిగితే చెప్పారు, వరస అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఆ ఊళ్లో ఒక కాపు ఇంటి పెద్దావిడ ఉండేది. మగడు పోయాక వ్యవసాయమంతా ఆమే నడిపేది. మూడో నాలుగో సారి నన్ను పిలిచి చల్ల పోయించి, తాగేదాకా ఆగి అడిగింది.

"నువ్వు మాకు ఏమైతవు బిడ్డా?"

"ఏం కాను. ఎల్లారెడ్డి బడిల పంతులును."

"ఏం కానోనికి ఏం చెప్పాలె? మా పెద్దోని ఈడున్నవు. నన్ను అవ్వా అను."

మా వైపు అవ్వ అంటే తల్లి. అన్నాను. ఆ ఒక్క పిలుపుతో ఊళ్లో దారులన్నీ తెరుచుకున్నాయి. ఆమె తమ్ముడు నాకు మామ అయ్యాడు, ఆమె కొడుకులు అన్నదమ్ములయ్యారు, పాలేరు సైతం నా వరస ఏమిటో లెక్క కట్టి పిలిచాడు. తర్వాతిసారి పోయేసరికి ఊరంతటికీ నేను ఎవరికి ఏమవుతానో నాకంటే బాగా తెలుసు.

ఆడవాళ్ల సంగతి మాత్రం చిక్కలేదు. కోడళ్లు నన్ను చూడగానే లోపలికి పోయేవారు. అప్పుడు సదర్ సాబే ఆడపిల్లల బడి పంతులమ్మను అడిగి చూడమన్నాడు. 

ఆమెకు ఇరవై దాటాయి. ఆ రోజుల్లో అంత వయసొచ్చినా పెండ్లి కాకపోవడం పెద్ద మాట. తండ్రి కచేరిలో గుమాస్తాగా పనిచేస్తూ, ఉన్న ఒక్క బిడ్డను చదివించి, సంబంధం చూడకముందే పోయాడు. తల్లిని పోషించడానికి ఆమె బడిలో చేరింది. నేను చెప్పిందంతా విని, "మీరు ఏం అడగమంటే గది అడుగుత. కానీ వాళ్లు చెప్పింది మీరు మార్చొద్దు" అంది. పరిశోధన పద్ధతి మీద నేను విన్న మంచి మాటల్లో అదొకటి.

మొదటిరోజు తల్లినీ కూతురినీ బండిలో ఎక్కించుకొని వెళ్లాను. బండి దిగగానే ఊళ్లో మాటలు ఆగిపోయాయి. పెండ్లికాని పిల్లతో పంతులు వచ్చాడు. అవ్వ గడపలో నిలబడి ఆమెను కిందినుంచి పైదాకా చూసింది.

"ఈ పిల్ల ఎవలురా?"

నేను తడబడ్డాను. బడిలో అని మొదలుపెట్టి మింగేశాను. ఆమె ముందుకు వచ్చి అవ్వ కాళ్లకు మొక్కి, "అన్నతోని వచ్చిన అవ్వా" అంది.

అవ్వ ముఖం విప్పారింది. "గట్ల చెప్పరాదురా. రా బిడ్డా, లోపటికి రా." 

ఆ రోజు దాకా ఎల్లారెడ్డిలో ఆమె నన్ను మీరు అనేది. తిరిగివచ్చేటప్పుడు బండిలో, "అన్నా, నువ్వు అడిగినవన్ని కాదు గానీ సగం తెలిసినయి" అంది. అంత చక్కగా అమరిన మాటను ఎందుకు కదిలించాలి అనుకున్నాను.

ఆ తర్వాతి రెండేళ్లు నా ఉద్యోగ జీవితంలో అన్నిటికంటే మంచివి. తర్వాత పెద్ద కాలేజీల్లో పనిచేశాను, సభల్లో మాట్లాడాను, ఢిల్లీ దాకా పోయి వచ్చాను. అక్కడెక్కడా ఆ బండిలో దొరికిన సంతోషం దొరకలేదు. ఆదివారం పోవడం, అవ్వ ఇంట్లో జొన్నరొట్టె తినడం, ఆమె లోపల కోడళ్లతో, నేను బయట మగవాళ్లతో. సాయంత్రం బండి కదలగానే ఇద్దరం పోటీ పడి చెప్పుకునేవాళ్లం. తల్లి మధ్యలో కునుకుతూ, ఎప్పుడైనా కండ్లు తెరిచి "ఇంక అయిపోలేదా మీ వరసలు?" అనేది.

మేము పోట్లాడుకున్నాం కూడా. నాకు తేలింది ఇది: మంగలాయన పటేలును బాపూ అంటాడు గానీ పటేలు మంగలాయనను పేరు పెట్టి పిలుస్తాడు, ఒక్కోసారి అదీ ఉండదు. వరస కింది నుంచి పైకి పోతుంది, పైనుంచి కిందికి రాదు. కాబట్టి ఇదంతా పెత్తనం మీద కప్పిన దుప్పటి, వట్టి మర్యాద, దీనికి సొంత బలం లేదు అని రాశాను. రాసింది ఆమెకు చదివి వినిపించాను.

"మగోళ్లల్ల చూసి రాసినవు," అంది ఆమె. "ఆడోళ్లల్ల గట్ల లేదన్నా. సాకలోళ్ల చిన్నకోడలు, కాపోళ్ల నడిపి కోడలు ఒక్క ఊరి నుంచే వచ్చిండ్రు. ఇద్దరు అక్కా అంటే అక్కా అనుకుంటరు. ఒకామె పురిటికి ఇంకొకామె పోయి రాత్రి పగలు ఉన్నది. గది వట్టి మర్యాదేనా?"

"ఒక్కటి చూసి చెప్తే శాస్త్రం ఒప్పుకోదు."

"అయితే ఇంకా చూద్దాం," అంది. చూశాం. చూస్తున్న కొద్దీ ఆమె మాటే నిజమవుతూ వచ్చింది గానీ, నా సిద్ధాంతం మీద నాకు మోజెక్కువ. ఆడవాళ్ల సంగతిని ఒక మూలకు సర్ది, ముగింపు అట్లాగే ఉంచాను. ఆ వయసులో సిద్ధాంతం అంటే సొంత పొలం లాంటిది. గట్టు జరుపుకోబుద్ధి కాదు.

అంతలో పోస్టు మంజూరైంది. ప్రొఫెసరు కబురు పంపాడు, వచ్చే నెల ఇంటర్వ్యూ అని. ఆ ఆదివారం పల్లె నుంచి తిరిగివస్తుంటే వాగు దగ్గర బండాయన ఎద్దులకు నీళ్లు పెట్టడానికి ఆగాడు. తల్లి బండిలోనే ఉంది. మేమిద్దరం ముందుకు నడిచాం. నేను చెప్పాను.

"వస్తది నీకు," అంది ఆమె. ముఖమంతా సంతోషమే. "నువ్వు చేసినంత పని ఎవరు చేసిండ్రు?"

"వస్తే నువ్వు గూడ రావాలె."

నడుస్తున్నది ఆగింది. నా మాటలో ఏముందో ఆమెకు వెంటనే అర్థమైంది. వాగు వైపు తిరిగింది.

"ఏమని రావాలె?" 

"నీకు తెల్వదా? మన కులం ఒకటే, ఇంటిపేర్లు వేరు. మీ అమ్మను నేను అడుగుత. కాదనదు."

"అమ్మ కాదనదు. నాకు ఇష్టం లేదని గూడ కాదు. గది దాస్తే అబద్ధమైతది కాబట్టి చెప్తున్న." రెండు చేతులూ కొంగును పట్టుకున్నాయి. "అవ్వకు ఏం చెప్దాం?"

"అవ్వకు చెప్పేదేముంది? గది మాటవరసకు అనుకున్నదే గదా."

"నువ్వు మాటవరసకు అనుకున్నవేమో. గడపల నిలబడి గా మాట అన్నది నేను. అన్నతోని వచ్చిన పిల్ల అనే గా ఇండ్లల్ల నన్ను లోపటికి రానిచ్చిండ్రు. మొగనికి చెప్పుకోలేనివి నాకు చెప్పుకున్నరు. రేపు మనం పెండ్లి చేసుకుంటే, వీళ్లు చదువుకున్నోళ్లు, మనల్ని ఆడిచ్చిపోయిండ్రు అనుకుంటరు. అనుకుంటే తప్పేముంది? ఇంకో పిల్ల ఎవరన్న వచ్చి అవ్వా అంటే మళ్ల తలుపు తీస్తరా?"

"నిజంగ అన్నాచెల్లెండ్లం కాదు గదా మనం."

"గిదే నువ్వు పుస్తకంల రాసింది. బలం లేదని." ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నీ లెక్క తప్పన్నా."

ఆ సమయంలో కూడా అన్నా అనే అంది. బండి మమ్మల్ని చేరుకుంది. తల్లి మా ఇద్దరి ముఖాలూ చూసి, ఎండ తగిలిందా అని అడిగింది. తగిలిందని ఆమె చెప్పింది.

ఇంటర్వ్యూకు కాగితాలు పంపేముందు ముగింపు కొట్టేసి మళ్లీ రాశాను. ఈ వరసలకు బలం ఉంది, కొన్ని చోట్ల రక్తబంధానికి ఉన్నంత ఉంది అని. వారం రోజుల్లో మనిషి అభిప్రాయం అంతగా ఎందుకు మారిందో కాగితం మీద కనబడదు కదా అనుకున్నాను.

కనబడింది. ఎదురుగా ముగ్గురు కూర్చున్నారు. మా ప్రొఫెసరు ఒకరు. చివరాయన విదేశాల్లో చదివి వచ్చినవాడు, మాట నెమ్మది. నేను పంపిన కాగితాలన్నీ చదువుకొని వచ్చాడు. అదే గౌరవం, అదే ప్రమాదం.

"మొత్తం పిలుపుల గురించి రాశారు," అన్నాడు ఉర్దూలో. "బాగుంది. కానీ పిలుపుకు ఖర్చేముంది? ఎవరైనా ఎవరినైనా అన్నా అని పిలవవచ్చు. చివరి పేజీలో బలం ఉందంటున్నారు, ముందు పేజీల్లో దానికి ఆధారం లేదు. అట్లాంటి పిలుపు కోసం ఒక మనిషి తనకు నిజంగా కావలసినదాన్ని వదులుకున్న సందర్భం ఒక్కటి చెప్పగలరా?"

"ఉంది," అన్నాను.

"చెప్పండి."

ప్రొఫెసరు నా వైపు ఆశగా వంగాడు. చెప్పడానికి ఎంత మాట? ఒక తాలూకాలో ఒక పంతులమ్మ, ఒక పంతులు. పేర్లు అక్కరలేదు. నోరు తెరిచాను. తెరిస్తే వాగు ఒడ్డున కొంగు పట్టుకున్న ఆ చేతులు కనబడ్డాయి. ఆ ముగ్గురి ముందర బల్ల మీద వాటిని ఎట్లా పెట్టను?

"క్షమించాలి. చెప్పలేను."

"ఆధారం చూపించలేనిది శాస్త్రం కాదు," అన్నాడాయన. కోపంగా అనలేదు. ఆయన మాట న్యాయమే. తర్వాత ముప్పై ఏళ్లపాటు నా విద్యార్థులకు నేనూ అదే చెప్పాను.

పోస్టు విదేశీ డిగ్రీ ఉన్న ఇంకొకాయనకు వచ్చింది. నాకంటే బాగా చదువుకున్నవాడే, బాగా పాఠం చెప్పాడని కూడా విన్నాను. ఆ సాయంత్రం ప్రొఫెసరు వరండాలో నన్ను ఆపి అడిగాడు. "నిజంగానే ఉందా ఆ సందర్భం?"

"ఉంది సార్."

"ఒక్క వాక్యం చెప్పి ఉంటే పోస్టు నీదయ్యేది."

"ఆ వాక్యం నాది కాదు సార్."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, స్టేషన్ దాకా టాంగా పిలిపించాడు. 

కామారెడ్డిలో దిగి బాపుకు చెప్పాను. "రాకపోతే రాకపాయె. బువ్వ తిను," అన్నాడు. మర్నాడు బస్సులో ఎల్లారెడ్డి వెళ్లాను. ఆమె తన బడి వదలగానే మా బడి దాకా వచ్చి నిలబడింది.

"ఏమడిగిండ్రు?"

చెప్పాను.

"నువ్వు చెప్పినవా?"

"లేదు."

"చెప్పాల్సింది. పేరు లేకుంట చెప్తే ఎవలకు ఎరుక?"

"నాకెరుక గదా," అన్నాను.

అప్పుడు మాత్రం ఆమె కండ్ల నీళ్లు పెట్టుకుంది. బడి పిల్లలు చూస్తున్నారని వెంటనే తుడుచుకుంది. ఆ ఆదివారం మళ్లీ బండి కట్టించుకొని అవ్వ దగ్గరికి పోయాం. పని ఆపుదామని ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

తర్వాత ఏమైందని చదివేవాళ్లు అడుగుతారు కాబట్టి అదీ చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, కొత్త పోస్టులు ఆగిపోయాయి. చాలా ఆలస్యంగా వేరే ఊళ్లో లెక్చరరు పని దొరికింది, అది కూడా అర్థశాస్త్రంలో. మా శాస్త్రానికి అందులో ఒక మూల పీట వేశారు. తలుపు సందులోంచి దూరినట్టు దూరి, చివరికి ఆ సబ్జెక్టే చెప్తూ రిటైరయ్యాను. వరసల పుస్తకం అచ్చుకాలేదు. అచ్చువేస్తామని అడిగినవాళ్లు ఉన్నారు. చివరి అధ్యాయం రాయకుండా ఇవ్వలేను, రాసి ఇవ్వలేను. నాకూ పెండ్లయింది. నా భార్య ఆమెను ఆడబిడ్డగానే ఎరుగును, అట్లాగే ప్రేమించింది. మా ఇంట్లో శుభకార్యానికి ఆమె పీట ముందు పడేది. ఇప్పుడు అవ్వ లేదు, సదర్ సాబ్ లేడు, ఆమె కూడా వెళ్లిపోయింది. లింగంపేట దారిలో బస్సు పోతుంటే ఆ వాగు దగ్గర నేను ఇప్పటికీ కిటికీ వైపు తల తిప్పను.

కానీ నాకు ఆమె పెండ్లి రోజే ఎక్కువగా గుర్తొస్తుంది. యుద్ధం మొదలైన తర్వాత, భిక్నూర్ వైపు నుంచి ఒక బట్టల వ్యాపారి ఇంటి సంబంధం వచ్చింది. ఆమె తల్లి నన్నే పంపింది, అన్నవు నువ్వే గదా, పోయి చూసిరా నాయినా అని. వెళ్లి చూశాను. లోపం కనబడితే బాగుండునని వెతికాను కూడా. పిల్ల బడి పని మానుకోవలసిన పని లేదని పెండ్లికొడుకే ముందు చెప్పాడు. వచ్చి, మంచోడు అని చెప్పాను. ఆమె సరే అంది.

పెండ్లి ఎల్లారెడ్డిలోనే. బట్ట దొరకని రోజులు, కిరసనాయిలు దొరకని రోజులు, ఉన్నంతలో పందిరి వేశాం. అవ్వ కొడుకులతో బండి కట్టించుకొని వచ్చి ఒక పక్కన కూర్చుంది. నేను వచ్చేవాళ్లకు నీళ్లు, తాంబూలం చూస్తూ తిరుగుతున్నాను. తిరుగుతుంటే సులువుగా ఉంది. హోమం దగ్గర పురోహితుడు తల ఎత్తి, "పిల్ల అన్నగాని తమ్ముడుగాని రావాలి, పేలాలు పోయాలి" అన్నాడు. పెండ్లికూతురి దోసిట్లో పేలాలు పోసేది తోడబుట్టినవాడు. వాళ్ల చుట్టాల్లో దూరపు పినతండ్రి కొడుకును ఎవరో ముందుకు నెట్టారు. ఆమె దోసిలి పట్టలేదు.

"అన్న ఉన్నడు గదా," అంది అవ్వ అంత దూరం నుంచి. "గా స్తంభం పక్కన నిలబడ్డడు."

పురోహితుడు నన్ను చూసి, వాళ్ల ఇంటివాణ్ణి కాదని తెలిసి, పెండ్లికూతురి వైపు వంగాడు. "ఏమవుతాడమ్మా?"

"మా అన్న," అంది ఆమె. అందరికీ వినబడేట్టే అంది.

నీళ్ల చెంబు ఎవరి చేతికో ఇచ్చి వెళ్లాను. ఆమె చేతులు చాపింది, వాటి కింద అతని చేతులు. పళ్లెంలోంచి పేలాలు తీసి పోయడం మొదలుపెట్టాను. ఆమె తల ఎత్తలేదు. దోసిలి నిండింది, వేళ్ల మీదుగా అంచు దాటి చాప మీద రాలుతున్నాయి, నేను ఇంకా పోస్తూనే ఉన్నాను. చాలు నాయినా, చాలు అని పురోహితుడు నా చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.